అంగుళం పెద్దరికం

అమెరికాలో పికప్ ట్రక్కు అంటే మన వైపు కూరగాయల బస్తాలు మోసే బండి అనుకునేరు. ముందు నలుగురైదుగురు దర్జాగా కూర్చునే కారు, వెనకాల మూత తీసిన భోషాణం. టెక్సాస్‌లో ఆఫీసుకీ దాంట్లోనే వెడతారు, గుడికీ దాంట్లోనే వెడతారు. ఫోర్డు వాళ్ళ ఎఫ్ సీరీసు బండ్లు 1977 మొదలు నలభై ఏళ్ళకు పైగా అక్కడి పికప్పుల అమ్మకాల్లో మొదటి పీట దిగలేదంటే ఆ మోజు ఎంతటిదో చూడండి. భోషాణంలో నిజంగా సామాను పడేది ఏడాదికి రెండు మూడుసార్లు. అయినా కొన్నవాళ్ళెవరికీ దాన్ని ఉన్నదున్నట్టు ఉంచుకోబుద్ధి కాదు. ముందు మనసు పోయేది టైర్ల మీదకి. కంపెనీవాడు వేసిన టైర్లు తీసేసి ఇంకా పెద్దవి వెయ్యాలి! మగవాళ్ళకి నగల పిచ్చి లేదని ఎవరన్నారో గాని, వాళ్ళు ఆ ఊళ్ళు చూసి ఉండరు.

డల్లాస్ దగ్గరుండే మా అబ్బాయి ఓ పాత పికప్పు కొన్నాడు. మేమిద్దరం వెళ్ళేసరికి ఆ టైర్లు అరిగి ఉన్నాయి. ఎలాగూ మార్చాలి, మార్చేవి పెద్దవే వేస్తానంటాడు వాడు. "ఉన్న సైజుకేం వచ్చిందిట?" అంటుంది కోడలు. వాయిదాల మీద బతికే ఇల్లు, ఆ పిల్ల బాధ ఆ పిల్లది. చక్రాలు మాత్రం మార్చను, కంపెనీవే ఉంచుతాను అని ఓ మెట్టు దిగాడు. దాంట్లో పొదుపుతోబాటు ఇంకో సుఖం కూడా ఉందిట. 2007 సెప్టెంబరు దాటాక ఆ దేశంలో తయారైన కార్లన్నిటికీ, పికప్పులకీ టైర్లలో గాలి తగ్గితే దీపం వెలిగి చెప్పే ఏర్పాటు ఉండితీరాలి. చాలా బండ్లలో ఆ పరికరం చక్రం లోపలే ఉంటుంది. చక్రం మార్చకపోతే దాని జోలికీ పోనక్కర్లేదు.

ఇక్కడ మావారి సంగతి చెప్పాలి. ఆయన ఆర్టీసీ గ్యారేజీలో ముప్ఫయ్యేళ్ళు పనిచేశారు. కొడుకుతో మాటలు తక్కువ. పన్నెండేళ్ళుగా ఫోనులో తండ్రీకొడుకుల సంభాషణ అంతా "బాగున్నావా? ఇదుగో అమ్మకిస్తున్నాను" అనేంతవరకే. అమెరికా వెళ్ళినా అంతే. ఆయన పేపరుతో ఓ మూల, వాడు లాప్‌టాప్‌తో ఓ మూల. మధ్యలో నేనూ కోడలూ అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేస్తూ ఉండేవాళ్ళం.

"ముప్ఫయ్యైదంగుళాలవి వేస్తే ఎలా ఉంటుందో తెలుసా?" అని ఓ సాయంత్రం వాడు కోడలికి ఫోటో చూపిస్తున్నాడు. పేపరు వెనకాల నుంచి, "రిమ్ము వెడల్పెంత?" అని వినిపించింది.

వాడు తిరిగి చూశాడు. "ఏడున్నర అంగుళాలు నాన్నా."

"ఆ టైరు వెడల్పు?"

"పన్నెండున్నర."

"అయితే కూర్చోదు."

వెతికి చూస్తే నిజమే. ఆ సైజు టైరుకి మామూలుగా ఎనిమిదిన్నర అంగుళాలకు తగ్గని రిమ్ము కావాలని తయారీవాళ్ళే రాశారు. అంత వెడల్పు టైరుని ఇరుకు చక్రానికి ఎక్కిస్తే అంచులు లోపలికి లాక్కుపోయి, మూతి బిగించికట్టిన సంచిలా మధ్యలో ఉబ్బుతుందిట. ఉబ్బినచోటే నేలకి రాచుకుని ముందు అరుగుతుంది. మలుపులో బండి పక్కకి ఊగుతుంది. ఇది ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి చెప్పారు. ఆ తరవాత పేపరు జోలికి పోలేదు.

టైరు మీద రాసి ఉండే అంకెల సంగతి నాకూ అప్పుడే తెలిసింది. వాడి బండికి కంపెనీ వేసింది 265/70ఆర్17. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆర్ అంటే రేడియలు. పదిహేడు అంటే టైరు కూర్చునే రిమ్ము అడ్డకొలత, అంగుళాల్లో. మనం గాజులు రెండు-నాలుగు, రెండు-ఆరు అని కొనుక్కుంటాం చూడండి, ఆ లోపలి కొలతే ఇదీను. రెండు-నాలుగంటే రెండంగుళాల నాలుగు వీసాలు. గాజు సైజు మార్చకుండా సన్నగాజు తీసి లావు కంకణం వేసుకున్నట్టే వీళ్ళు చేసే పని. చెయ్యి అదే, పైకి కనిపించే జోరు వేరు.

వాళ్ళిద్దరూ లెక్కలు కట్టి చివరికి 285/70ఆర్17 దగ్గర ఆగారు. దాన్ని ఏడున్నర అంగుళాల రిమ్ముకి వెయ్యొచ్చు. అంతకు తగ్గితే కుదరదు. సరిగ్గా గడపలో నిలబడ్డ కొలత అన్నమాట.

"రెండిట్లోనూ డెబ్బై డెబ్బయ్యేగా మామయ్యా, మరి ఎత్తెలా పెరుగుతుంది?" అంది కోడలు.

"ఆ డెబ్బై శాతం అమ్మా. వెడల్పులో నూటికి డెబ్బై వంతులు టైరు గోడ. జీతం పెరిగితే డి.ఎ. పెరగదూ?" అన్నారు. ఉద్యోగస్తురాలు కనక ఆ పిల్లకి చప్పున అర్థమైంది.

టైరు అడ్డకొలత 803 మిల్లీమీటర్ల నుంచి 831కి పెరిగింది. అంటే అంగుళం పైచిల్లర. నా భయం నాది. ఇప్పటికే ఆ బండెక్కాలంటే ఓ చేత్తో కుచ్చిళ్ళు, ఓ చేత్తో పైనున్న పిడి పట్టుకుని దేవుణ్ణి తలచుకోవాలి. ఇంకో అంగుళమా? కాదుట, ఇరుసు మధ్యలో ఉంటుంది కనక బండి లేచేది అందులో సగమేట. అరంగుళానికి మోకాళ్ళు అభ్యంతరం చెప్పలేదు.

అసలు తిరకాసు స్పీడోమీటరుది. అది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుందే గాని, ఎంత దూరం పోయిందో దానికేం తెలుసు? పెద్ద టైరు ఒక్క చుట్టుకి బెత్తెడు దూరం ఎక్కువ పోతుంది. ఇన్నాళ్ళూ సరిగ్గా చూపిన మీటరైతే, ఇకమీద డెబ్బై మైళ్ళు చూపిస్తున్నప్పుడు నిజంగా పోయేది డెబ్బై రెండు దాటి. పోలీసు అడిగితే మీటరు మీద నెపం పెట్టడానికి లేదు. కొత్త కొలత దానికి నేర్పించాలి. తిరిగిన మైళ్ళు కూడా తక్కువ చూపుతుంది గనక, పెట్రోలు అసలు తాగేదానికన్నా ఎక్కువ తాగుతున్నట్టు కనిపిస్తుంది. మళ్ళీ బరువైన టైర్లు కాబట్టి నిజంగానూ కొంత ఎక్కువ తాగుతుంది. కోడలు ఈ రెండూ విడివిడిగా రాసుకుంది.

బరువు మోసే రకానికి ఎల్‌టి అని గుర్తు ఉంటుంది. వాడు కోరింది అదే. "తలుపు పక్కన అంటించిన కాయితంలో గాలి ఎంతుంటే అంతే కొట్టిస్తే సరిపోదురా, ఈ రకానికి అదే బరువు మొయ్యడానికి ఇంకాస్త గాలి కావాలి" అన్నారాయన. తయారీవాళ్ళ పట్టిక తీసి చూసుకున్నాడు. ఐదువందల మైళ్ళు కుటుంబంతో పోయే బండికి ఇది వేడుక విషయం కాదు.

కొట్టువాడు టైర్లు ఎక్కించాక ఇద్దరూ ఒప్పుకోలేదు, పరీక్ష పెట్టాలన్నారు. పైకి చూస్తే బోలెడు ఖాళీ ఉంది. చక్రం తిన్నగా ఉన్నంతసేపూ అందరూ సర్దుకునే ఉంటారు మరి. స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పితేనే ఏది దేనికి తగులుతుందో బయటపడుతుంది. పెరిగిన ఇరవై మిల్లీమీటర్లలో సగం లోపలివైపూ సగం బయటికీ పోతాయి. లోపల ఇనప చేతులు, బయట ప్లాస్టిక్కు గోడ. వాడు సీట్లో కూర్చుని తిప్పుతుంటే, డెబ్బై దాటిన ఈయన టార్చిలైటు పట్టుకుని ఆ ఎండలో నేలమీద చతికిలబడ్డారు. "ఇంకొంచెం... ఆఁ, ఆగు!" కుడి చక్రం వెనకాల బురద పడకుండా వేలాడే రబ్బరు రేకుకి గోరంత రాపిడి. ఇనప చేతుల దగ్గర వేలు దూరేంత సందు మిగిలింది. వెనక్కి పోతూ తిప్పారు, ఎత్తుపల్లాల్లో నడిపి తిప్పారు. రేకు చివర కత్తిరించారు. ఆ చీకటి పడేదాకా నాకు ఇద్దరి కాళ్ళే కనిపించాయి, మాటలు మాత్రం ఆగకుండా వినిపిస్తూనే ఉన్నాయి. నేను కాఫీ రెండుసార్లు వెచ్చబెట్టాను.

ఇంకొకటి మిగిలింది, స్టెప్నీ. పాత సైజుది ఉంచితే చాలదా అంటే చాలదుట. నాలుగు చక్రాలకీ ఇంజను ఊపిచ్చే బండిలో ఒక చక్రం చిన్నదైతే లోపలి పళ్ళచక్రాల మీద భారం పడుతుంది. కనక ఐదోదీ కొనాలి. అది బండి అడుగున పట్టాలి. కొలిచారు. పట్టింది. మొత్తం వెయ్యి డాలర్లు దాటాయి. కోడలు ఏమీ అనలేదు, ఆ కాగితం చివర ఆ అంకె కూడా వేసుకుంది.

మేం తిరుగు ప్రయాణమయ్యేనాటికి పాత టైర్లు ఐదూ గ్యారేజీలో ఓ గోడకి బోర్లించి ఉన్నాయి. "వీటినేం చేద్దాం అత్తయ్యా?" అంది కోడలు. ఒకదాంట్లో మట్టి పోసి గోంగూర గింజలు చల్లి వచ్చాను. ఇప్పుడు ఆదివారం ఫోను మోగితే వాడు, "అమ్మా, నాన్నకియ్యి" అంటున్నాడు. వానలో బ్రేకు ఎలా పడుతోందని ఈయన అడుగుతారు. గోంగూర మొలిచిందో లేదో నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.