డయ్యూ గుట్టమీది ఓడ

డయ్యూ వెళ్ళినవారు కోట చూసి మురిసిపోతారు. నన్ను కదలనీయనిది మాత్రం సముద్రానికెదురుగా గుట్టమీద అద్దాల గదిలో ఉన్న ఓడ నమూనా.

అది ‘ఖుక్రీ’. ఇంగ్లండులో తయారై 1958లో మన నౌకాదళంలో చేరిన ఫ్రిగేట్. జలాంతర్గాములను వేటాడటమే దాని పని. ఖర్చు తగ్గించడానికి ఒక్క ప్రొపెల్లరే అమర్చారు. 1971 డిసెంబరు 9 రాత్రి ఆ వేటగాణ్ణే పాకిస్తాన్ జలాంతర్గామి ‘హంగోర్’ ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఇతరులను తప్పించి, తాను మాత్రం ఓడను విడవలేదు.

1989లో ఆ పేరే మరో యుద్ధనౌకకు పెట్టారు. అది 2021లో మన విశాఖలో కొలువు చాలించింది. 2022లో దాన్ని డయ్యూకే అప్పగించారు. తాత పేరింటి మనుమడు తాత పోయిన రేవుకే చేరాడన్నమాట!