మునక, ముంపు

భాష గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మా ఇళ్లల్లో అది చివరికి బతుకుదెరువు మాటే అవుతుంది. ఏ బడిలో వేస్తే పిల్లవాడు నాలుగు మెతుకులు సంపాదించుకుంటాడు, ఏ బడిలో వేస్తే మావాడిగా మిగుల్తాడు అన్నవి మాకు ఎప్పుడూ రెండు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి జవాబు దొరికితే రెండోది చెయ్యి జారుతుంది.

ఈసారి ఆ ప్రశ్న కాలిఫోర్నియా నుంచి వచ్చింది. మా తమ్ముడి కొడుక్కి ఐదేళ్లు నిండుతున్నాయి. వాళ్లుండే ఊళ్లో సర్కారు బడిలోనే పాఠాలు స్పానిష్‌లో చెప్పే ఏర్పాటు ఉంది. ఇమ్మర్షన్ అంటారు. కిండర్‌గార్టెన్‌లో పది పాళ్లకు తొమ్మిది పాళ్లు స్పానిష్, ఒక పాలు ఇంగ్లీషు. ఏడాదికేడాది ఇంగ్లీషు పెరుగుతూ నాలుగైదు తరగతులకు చెరిసగం అవుతుంది. తరగతిలో సగం మంది పిల్లలు ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు, సగం మంది ఆ మాట ఎరగనివాళ్లు. చేరితే మొదట్లోనే చేరాలి. మధ్యలో భాష రాని పిల్లల్ని తీసుకోరు. చేర్చాలా, వద్దా? తమ్ముడూ మరదలూ తేల్చుకోలేక ఇంటిల్లిపాదినీ అడిగారు. నెల రోజులపాటు మా ఇంట్లో ఇదే పంచాయితీ.

అందరికంటే ముందు సంబరపడింది అబ్బా. స్పానిష్ అంటే మన అందలూస్ మాట కదా అన్నాడు. 711లో ముస్లిం సైన్యం ఆ నేల మీద దిగినప్పటి నుంచి 1492లో గ్రనడా పడిపోయేదాకా దాదాపు ఎనిమిది వందల ఏళ్లు. అరబ్బీ మాటలు ఆ భాషలో ఇంకా ఉన్నాయి. పంచదారను వాళ్లు అసూకార్ అంటారు. అమ్మీ షక్కర్ అంటుంది, పక్కింటి వాళ్లు చక్కెర అంటారు. మూడూ ఒక్క శర్కర నుంచి బయల్దేరి తలా ఒక దారి పట్టిన మాటలే. 'అలా జరిగితే బాగుండు' అనడానికి స్పానిష్ వాళ్లు వాడే 'ఓహలా' అన్న మాటలో ఇప్పటికీ అల్లా పేరు ఉంది.

అబ్బా సంబరాన్ని మేము కాదనలేదు. కానీ అదే స్పెయిన్‌లో 1567లో రాజు ఫర్మానా జారీ అయింది. మతం మార్పించిన ముస్లింలు అరబ్బీ మాట్లాడకూడదు, మూడేళ్లలో స్పానిష్ నేర్చుకోవాలి. 1609 నుంచి 1614 దాకా ఆ మిగిలినవాళ్లనూ దేశం నుంచి తరిమారు. అదే భాష ఓడలెక్కి మెక్సికో పోయి అక్కడి నహువా, మాయా జనం నెత్తిన కూర్చుంది. 1848లో కాలిఫోర్నియా మెక్సికో చేతిలోంచి అమెరికా చేతిలోకి పోయాక, తోటల్లో పళ్లు కోసే కూలీల భాషగా దిగింది. ఇరవయ్యో శతాబ్దంలో బడి ఆవరణలో స్పానిష్ మాట్లాడినందుకు పిల్లలు దెబ్బలు తిన్నారు. ఒకచోట కొరడా పట్టిన భాషే ఇంకోచోట కొరడా దెబ్బ తిన్నది.

మాకు ఇది కొత్త కథ కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఒక దేశభాషలో పెద్ద చదువులు చెప్పవచ్చని చూపించినందుకు మాకు గర్వమే. కానీ ఆ నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగు అక్కడ బోధనా మాధ్యమం కాలేదన్నదీ నిజమే. 1948 పోలీస్ చర్య తర్వాత అక్కడ ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. నిన్నటి దర్బారు భాష ఇవాళ రిక్షా కార్మికుడి భాష, పంక్చర్ దుకాణం భాష. ఏ భాషా పుట్టుకతో గొప్పదీ కాదు, తక్కువదీ కాదు. ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టే దాని విలువ.

మరదలి భయం వేరు. పిల్లవాడు ఇంగ్లీషులో వెనకబడితే? దీనికి జవాబు వెతికాం. ఈ పద్ధతి 1965లో కెనడాలో, మాంట్రియల్ పక్కనున్న సెయింట్ లాంబర్ట్‌లో మొదలైంది. ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు ఫ్రెంచిలో కిండర్‌గార్టెన్ పెట్టించుకున్నారు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలెస్ లాంబర్ట్, రిచర్డ్ టకర్ ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. మొదట్లో ఇంగ్లీషు చదవడంలో కొంత వెనకబడ్డా, ఇంగ్లీషు పాఠాలు మొదలయ్యాక ఆ పిల్లలు అందుకున్నారు. ఫ్రెంచి అదనంగా దక్కింది. ఆ దారిలోనే 1971లో కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో స్పానిష్ మొదలుపెట్టారు.

అయితే ఆ పిల్లలు ఎవరు? ఇల్లూ బ్యాంకూ కంపెనీ అన్నీ తమ భాషలోనే నడిచే పిల్లలు. బడిలో ఆరు గంటలు వేరే భాషలో గడిపినా వాళ్ల భాషకు వచ్చే నష్టం లేదు. ఉన్నదానికి ఇంకొకటి కలుపుకునే రెండు భాషల చదువు వేరు, ఉన్నదాన్ని పోగొట్టుకునే చదువు వేరు అని లాంబర్టే చెప్పాడు. మెక్సికన్ కూలీ పిల్లవాడిని ఒక్క ముక్క ఇంగ్లీషు రాకుండా ఇంగ్లీషు తరగతిలో కూర్చోబెడితే దాన్ని ఇమ్మర్షన్ అనరు, సబ్‌మర్షన్ అంటారు. మొదటిది మునక. రెండోది ముంపు. మునక వేసేవాడికి గట్టు ఎక్కడుందో తెలుసు, అతని బట్టలు గట్టు మీద ఉంటాయి. ముంపులో గట్టే పోతుంది. శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందరికీ అవే పుస్తకాలు, అదే పంతులు ఇస్తే సమానత్వం అయిపోదని 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీయ పిల్లల కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 1998లో కాలిఫోర్నియా ఓటర్లు 227వ ప్రతిపాదనను నెగ్గించి, సర్కారు బడుల్లో రెండు భాషల బోధనను చాలావరకు మూయించారు. 2016లో 58వ ప్రతిపాదనతో ఆ ఓటర్లే మళ్లీ తలుపు తెరిచారు.

మా ఇంట్లో ముంపు అనుభవించింది ఆపా. మా ఊళ్లో ఉర్దూ మీడియం ఏడో తరగతి దాకానే ఉండేది. హైస్కూల్లో అంతా తెలుగే. ఎనిమిదో తరగతిలో లెక్కలూ సైన్సూ ఒక్కసారిగా తెలుగులో చదవలేక, ఆడపిల్లను దూరం పంపించలేక ఆమె చదువు అక్కడే ఆగింది. అది చూసి అబ్బా మమ్మల్నీ తమ్ముణ్నీ తెలుగు మీడియంలో వేశాడు. మాకు అలిఫ్, బే నేర్పింది ఆపానే, పొయ్యి బూడిద పరిచి వేలితో దిద్దించి. తమ్ముడి వంతు వచ్చేసరికి ఆమె పెళ్లయి వెళ్లిపోయింది. వాడు ఇంజనీరై అమెరికా చేరాడు. ఖురాన్ చదువుతాడు గానీ ఉర్దూలో ఉత్తరం రాస్తే చదవలేడు.

ఆ బడి ఉర్దూ కూడా మా ఇంటి మాట కాదు. ఇంట్లో 'హౌ' అంటాం, బడిలో 'జీ హాఁ' అనాలి. 'నక్కో' అంటే తప్పని దిద్దుతారు. తెలుగు బడికి పోతే మా తెలుగులో తురక యాస ఉందని నవ్వారు. ఇప్పుడు పత్రికలో రాస్తుంటే 'మీ తెలుగు చాలా బాగుందండీ' అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు చుట్టానికి దక్కుతుంది గానీ ఇంటివాడికి దక్కదు. తెలుగు నేల మీద పుట్టి ఇంకా ఉర్దూ ఎందుకని అడిగే సెక్యులర్ మిత్రులున్నారు. ముస్లిమై ఉండి తెలుగులో రాయడమేమిటని అడిగే మావాళ్లూ ఉన్నారు. ఒకటి వదిలితేగాని ఇంకొకటి దక్కదన్న లెక్క ఇద్దరిదీ. మరదలు గుంటూరు వైపు దూదేకుల ఇంటి పిల్ల. వాళ్లింట్లో తెలుగు తప్ప మరో మాట లేదు. ఆమెను ఉర్దూ బడిలో వేసి ఉంటే అదీ ముంపే అయ్యేది.

పంచాయితీ తేలింది మాత్రం ఇద్దరు ఆడవాళ్లు అడిగిన రెండు ప్రశ్నలతో. ఆపా అడిగింది: "ఐదో తరగతి అయినంక ఏంది?" తమ్ముడు ఆ మాట బడిలో అడగనే లేదు. పోయి అడిగాడు. పై బడిలో కూడా రెండు సబ్జెక్టులు స్పానిష్‌లో చెబుతారట. పైమెట్టు ఉందన్నమాట. అమ్మీ అడిగింది: "మరి వాడు మాతోని దేంట్ల మాట్లాడతడు?" దీనికి జవాబు ఏ బడి దగ్గరా లేదు.

పిల్లవాడి నోట్లోంచి ఇంటి మాటను లాక్కునేది స్పానిష్ కాదని మాకు అర్థమైంది. ఇంగ్లీషు ఎలాగూ వస్తుంది, వీధిలోంచి, టీవీలోంచి, ఆటలోంచి. ఒట్టి ఇంగ్లీషు బడిలో వేస్తే ఇంటి మాట మిగులుతుందన్న హామీ ఏమీ లేదు. ఈ బడిలో పక్క బెంచీ పిల్లవాడు తన అమ్మ మాట్లాడే మాటనే నల్లబల్ల మీద చూస్తాడు. ఆ మాట రాక మావాడు అతన్ని సాయం అడుగుతాడు. కూలీవాడి ఇంటి మాట చదువుకు పనికొచ్చే మాటేనని మావాడు ఐదేళ్లకే చూస్తాడు. మాకు ఏ బడీ ఆ సంగతి చెప్పలేదు. అది చూసిన పిల్లవాడు రేపు తన దక్కనీని, తన తెలుగును దాచుకోవాల్సిన సంగతిగా అనుకోడని మా ఆశ.

చేర్చమనే చెప్పాం. ఆ ఎనిమిది వందల ఏళ్ల రాజ్యం కోసం కాదు, ఆ పక్క బెంచీ కోసం. కొన్ని షరతులు పెట్టాం. తల్లి వాడితో తెలుగే మాట్లాడాలి, తండ్రి దక్కనీయే మాట్లాడాలి. నలుగురిలో ఉన్నామని గొంతు తగ్గించి ఇంగ్లీషులోకి దిగకూడదు. గట్టు గట్టిగా ఉంటేనే మునక మునక అవుతుంది.

ఆదివారాలు ఆపా ఫోన్లో వాడికి ఉర్దూ అక్షరాలు నేర్పుతానంది. ఆమె షరతు ఒక్కటే: తండ్రి కూడా పక్కన పలక పట్టుకుని కూర్చోవాలి.