న్యూజెర్సీ పెరట్లో ఆస్టర్లు

అమెరికా ఈశాన్య రాష్ట్రాల పెరళ్లలో పెంచే ఆస్టర్ ఒకసారి నాటితే ఏళ్ల తరబడి బతికే మొక్క. చలికాలంలో పైభాగమంతా ఎండిపోయినా వేరు నేలలో బతికే ఉండి, వసంతంలో మళ్లీ పిలకలు వేస్తుంది. హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్‌లో బంతి, చామంతుల సరసన అమ్మే ఆస్టర్ ఇది కాదు. అది చైనా ఆస్టర్, విత్తిన ఏడాదే పూసి చచ్చిపోతుంది. రెండూ చామంతి కుటుంబానివే.

న్యూజెర్సీలో పెంచడానికి అన్నిటికన్నా అనువైనవి ఇక్కడి నేలలో సహజంగా పెరిగే రకాలే. న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ మనిషి ఎత్తు దాకా ఎదుగుతుంది. దాని ఆకు మొదలు కాండాన్ని చుట్టుకుని ఉంటుంది. అంత చోటు లేనివారికి అందులోనే ‘పర్పుల్ డోమ్’ అనే పొట్టి రకం ఉంది, అడుగున్నరకు మించదు. నలిపితే ఆకు నుంచి సువాసన వచ్చే అరోమాటిక్ ఆస్టర్ ఎండకూ నీటి ఎద్దడికీ ఓర్చుకుంటుంది, జింకలు కూడా దాన్ని అంతగా ముట్టవు. చెట్ల నీడ తప్ప మరేమీ లేని పెరడైతే వైట్ వుడ్ ఆస్టర్ నయం. 1990లలో శాస్త్రజ్ఞులు అమెరికా జాతులను ఆస్టర్ ప్రజాతి నుంచి విడదీశారు కాబట్టి, నర్సరీ చీటీ మీద సింఫియోట్రైకం అనో యూరీబియా అనో కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

కొనేటప్పుడే చాలామంది పొరపడతారు. అక్టోబరులో దుకాణాల ముందు నిండా పూలతో పెట్టిన కుండీలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఆ మొక్క బలమంతా పూలకే పోతుంది. అప్పుడు నేలలో పెడితే వేరు పట్టేలోపే నేల గడ్డకడుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో, చూడ్డానికి ఏమీ లేని చిన్న పచ్చ మొక్కను కొని నాటడమే మేలు.

నీడలో పెరిగే వైట్ వుడ్ ఆస్టర్ తప్ప మిగతావాటికి రోజుకు కనీసం 6 గంటల ఎండ, నీరు నిలవని నేల, పాదులో కాస్త కంపోస్టు ఉంటే చాలు. ఎరువు ఎక్కువైతే కాడలు సాగి వాలిపోతాయి. పొడుగు రకాలకు మే చివర చిగుళ్లు గిల్లాలి, జూన్‌లో మరోసారి గిల్లితే ఇంకా మంచిది. గిల్లిన ప్రతిచోటా కొమ్మలు చీలి మొక్క గుబురుగా, కర్ర ఊతం లేకుండా నిలబడుతుంది. జూలై 4 దాటాక మాత్రం కత్తెర ముట్టకూడదు. పగళ్లు కురచవుతున్నకొద్దీ మొక్క మొగ్గకు సిద్ధమవుతుంది, ఆలస్యంగా గిల్లితే ఆ మొగ్గలే పోతాయి.

వేసవి ఉక్కకు బూడిద తెగులు వస్తుంది. మొక్కకూ మొక్కకూ మధ్య రెండు మూడు అడుగులు వదిలి, నీళ్లు ఆకుల మీద చల్లకుండా మొదట్లోనే పోస్తే చాలావరకు తగ్గుతుంది. కింది ఆకులు ఎండినంత మాత్రాన మందులు కొట్టడం అనవసరం. పువ్వు రంగు రాక, రేకుల చోట ఆకుల్లాంటివి పుడితే మాత్రం మొక్కను పీకేయాలి. అది పచ్చదోమలు మోసుకొచ్చే ఫైటోప్లాస్మా రోగం. నువ్వుల రైతులకు తెలిసిన వెర్రి తెగులు కూడా ఈ కోవదే.

పూత ఆగస్టు చివర మొదలై అక్టోబరు దాకా సాగుతుంది. ఒక్క పువ్వనుకునేది నిజానికి పూల గుత్తి. చుట్టూ ఉన్న ఒక్కో ఊదా రేకూ ఒక పువ్వే, నడుమ ఉన్న పసుపు బొడ్డు బోలెడన్ని బుల్లి పూల కూటమి. ముదిరేకొద్దీ ఆ పసుపు ఎర్రబారుతుంది. మెక్సికో కొండలకు వలసపోయే మోనార్క్ సీతాకోకచిలుకలు దారిలో ఈ తేనె తాగే బలం కూడగట్టుకుంటాయి. మిగతా పూలన్నీ అయిపోయే వేళ దొరికే తేనె కాబట్టి, ఆస్టర్ నాటడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. బతుకమ్మ కూడా ఈ రోజుల్లోనే వస్తుంది. తంగేడు దొరకని ఊళ్లో బంతి వరసల నడుమ ఊదా ఆస్టర్ల వరస చక్కగా అమరుతుంది. న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ రేకులు మాత్రం చీకటి పడితే ముడుచుకుంటాయి.

పూత అయ్యాక ఎండు కాడలను కోయకుండా వసంతం దాకా ఉంచితే పిట్టలు గింజలు తింటాయి, తేనెటీగల జాతులు కొన్ని ఆ కాడల్లో తలదాచుకుంటాయి. మూడేళ్లకోసారి దుబ్బు నడుమ బోడి పడుతుంది. అప్పుడు ఏప్రిల్‌లో తవ్వి, నడిమి ముదురు వేరు పారేసి, అంచుల్లోని పిలకలను విడివిడిగా నాటుకోవాలి.