కేంబ్రిడ్జ్‌లో బ్లూటూత్ మలుపు తిరిగిన చోటు చూడబోతే

లండన్ కింగ్స్ క్రాస్‌లో రైలెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా కేంబ్రిడ్జ్ నార్త్‌లో దిగొచ్చు. 2017లో తెరిచిన ఈ స్టేషన్ గోడలకు చిల్లులున్న అల్యూమినియం రేకులు తొడిగారు. ఆ చిల్లుల అల్లిక ఈ ఊళ్లో పనిచేసిన గణితవేత్త జాన్ కాన్వే ‘గేమ్ ఆఫ్ లైఫ్’ నుంచి తీసుకున్నామని రూపకర్తలు చెప్పుకున్నారు. కాదు, అది స్టీఫెన్ వుల్ఫ్‌రామ్ ‘రూల్ 30’ అని లెక్కలు తెలిసినవాళ్లు ఇట్టే పట్టేశారు. గోడ మీది చిల్లులకు కూడా పరీక్ష పెట్టే ఊరన్నమాట.

స్టేషన్ నుంచి నడిచి మిల్టన్ రోడ్డు దాటితే సైన్స్ పార్క్. 1970లో ట్రినిటీ కాలేజీ తన సొంత భూమిలో మొదలుపెట్టింది. చెరువులు, పచ్చిక, సైకిళ్లు, అద్దాల కట్టడాలు. ఫ్యాక్టరీ చూద్దామని వచ్చినవాళ్లకు నిరాశే. ఇక్కడ గీసిన చిప్‌లు తయారయ్యేది ఎక్కువగా తైవాన్‌లో.

బ్లూటూత్ కథలో పెద్ద మలుపు మాత్రం ఇక్కడిదే. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా కలిసి ప్రమాణం తయారీకి కూటమి కట్టాయి. చిప్ ధర 5 డాలర్లకు దిగితే తప్ప జనంలోకి వెళ్లదని అప్పట్లో అందరి లెక్క. అడ్డంకల్లా రేడియో భాగమే. కంప్యూటర్ చిప్‌లు చేసే చవకైన సీమాస్ పద్ధతి రేడియోకు పనికిరాదని చాలామంది తేల్చేశారు. సైన్స్ పార్క్‌లోని కేంబ్రిడ్జ్ కన్సల్టెంట్స్ ఇంజనీర్లు కొందరు ఆ మాట నమ్మలేదు. రేడియో, ప్రాసెసర్ రెండూ ఒకే సీమాస్ ముక్కలో ఇరికిస్తామంటూ విడిగా వచ్చి కేంబ్రిడ్జ్ సిలికాన్ రేడియో పెట్టారు. అదే సీఎస్ఆర్. క్షణానికి కోట్లసార్లు మారే డిజిటల్ సర్క్యూట్ల పక్కనే అతి బలహీనమైన సిగ్నల్‌ని అందుకోవడమంటే, మిక్సీ తిరుగుతున్న వంటింట్లో గుసగుసలు వినడమే. వాళ్ల బ్లూకోర్ చిప్ విన్నది. 2004లో కంపెనీ లండన్ స్టాక్ మార్కెట్‌కెక్కింది. 2015లో సుమారు 240 కోట్ల డాలర్లకు క్వాల్‌కామ్ కొనేసుకుంది. ఆ క్వాల్‌కామ్‌కి హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం ఉంది కాబట్టి, మిల్టన్ రోడ్డు మీద తెలుగు వినపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మాకు దారి చూపించిందీ ఫర్మ్‌వేర్ రాసే తెలుగు ఇంజనీరే. కట్టడాలు చూపించడం మీద ఆయనకు ఆసక్తి లేదు. చెరువు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి ఫోన్‌లో స్కానర్ యాప్ తెరిచారు. క్షణాల్లో పదుల వరుసలు వచ్చిపడ్డాయి: ఇయర్‌బడ్స్, వాచీలు, అసలు పేరే లేనివి కొన్ని. తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్‌కి 40 చానళ్లున్నాయి. ‘నేనిక్కడున్నా’ అని చాటుకోవడానికి వాటిలో మూడింటిని కేటాయించారు. వైఫై ఎక్కువగా వాడే చానళ్లకు తగలకుండా సందుల్లో పెట్టారు వాటిని.

“ఈ అంకె చూడండి సార్,” అంటూ ఆయన తన వాచీ వరుస చూపించారు. సిగ్నల్ బలం మైనస్ 48. చెయ్యి వీపు వెనక్కి పెట్టుకోగానే మైనస్ 71కి పడిపోయింది. వాచీ జరిగింది మూరెడు కూడా లేదు. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఒంట్లోని నీరు మింగేస్తుంది మరి. ప్యాంటు జేబులో ఫోన్ పెట్టుకుని నడుస్తుంటే చెవిలో పాట తెగడానికి చాలాసార్లు కారణం మనమే.

ఈ అంకెను నమ్ముకుని దూరం కొలవబోతే వచ్చే తంటా బ్రిటన్‌కి బాగా తెలుసు. 2020 సెప్టెంబరులో ఇంగ్లండ్, వేల్స్‌లలో వచ్చిన ఎన్‌హెచ్‌ఎస్ కోవిడ్ యాప్, ఎవరు ఎవరికి దగ్గరగా ఎంతసేపున్నారో ఈ సిగ్నల్ బలం నుంచే అంచనా కట్టింది. మధ్యలో గోడ ఉన్నా, మనిషి ఉన్నా ఆ అంచనా తప్పే అవకాశం ఉంది.

2024 సెప్టెంబరులో వచ్చిన బ్లూటూత్ 6.0లోని ‘చానల్ సౌండింగ్’ సిగ్నల్ బలాన్ని పట్టించుకోదు. రెండు పరికరాలూ ఒక ఫ్రీక్వెన్సీ తర్వాత మరొకదానిపై సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఒక్కోదానిపై తరంగం దశ ఎంత మారిందో చూసి దూరం లెక్కగడతాయి. సంకేతం వెళ్లిరావడానికి పట్టిన సమయంతో దాన్ని సరిచూసుకుంటాయి. మా దృష్టిలో వేగం పెంచిన కొత్త వెర్షన్లన్నిటికంటే ఇదే పనికొచ్చే మార్పు.

ఎందుకో తెలియాలంటే ఇక్కడి కార్ల దొంగతనాలు చూడాలి. ఒకడు ఇంటి గుమ్మం దగ్గర పరికరంతో నిలబడి లోపలున్న తాళం సిగ్నల్‌ని అందుకుంటాడు. కారు పక్కనున్న రెండోవాడికి పంపుతాడు. తాళం దగ్గరే ఉందనుకుని కారు తలుపు తెరుస్తుంది. అసలు దూరం తెలిస్తే ఈ ఆట సాగదు. అయితే ఆ చిప్ కారులోనూ ఉండాలి, తాళంగా వాడే ఫోన్‌లోనూ ఉండాలి. మా ఇంజనీరుగారి కారు పాతది. రాత్రిపూట ఆయన తాళంచెవిని స్టీలు టిఫిన్ డబ్బాలో వేసి మూత బిగిస్తారు. ఫోన్‌ని దాని పక్కనే చార్జింగ్‌కి పెడతారు.