అత్తయ్యగారి టికెట్టు

డాలస్ నుంచి హైదరాబాదుకి అత్తయ్యగారు ఈసారి ఒక్కరే వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులు, ఇంగ్లీషు రాదు. మావారు ముందు ధర చూస్తారు. నేను మాత్రం ఎక్కడ మారాలి, ఎంతసేపు ఆగాలి అన్నదే చూస్తాను.

అన్నిటికంటే చవకైనది ఢిల్లీ మీదుగా ఉంది. కానీ మామూలుగా అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్ళీ అప్పగించాలి. 23 కిలోల పెట్టెలు రెండు, బెల్టు మీంచి ఆవిడ ఎలా దించుతారండీ? దుబాయ్ మీదుగా ఎమిరేట్స్, దోహా మీదుగా ఖతార్ అయితే ఒక్కచోటే మారడం. పెట్టెలు నేరుగా హైదరాబాదులోనే చేతికొస్తాయి. గంటన్నరే వ్యవధి ఉన్నవి వద్దన్నాను. వీల్‌చెయిర్ వాళ్ళని అందరూ దిగాక దింపుతారు మరి. మూడు నాలుగు గంటలుంటే నిశ్చింత. మొత్తం ఒకే టికెట్టు మీదుంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా ఇంకోదాంట్లో పంపే పూచీ వాళ్ళదే.

భోజనం దగ్గర ఒక్కమాట. ‘హిందూ మీల్’ అంటే శాకాహారం అనుకోకండి, అందులో గొడ్డుమాంసం ఉండదంతే, కోడి ఉండొచ్చు. మనకి కావలసింది ‘ఏషియన్ వెజిటేరియన్’. అదీ, వీల్‌చెయిరూ ముందుగానే చెప్పి పెట్టాలి.

ఇంత లెక్కా విని అత్తయ్యగారు అడిగింది ఒక్కటే. “దారిలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉంటారా అమ్మాయ్?”

“దుబాయ్ నుంచి హైదరాబాదు విమానంలో బోలెడుమంది ఉంటారు అత్తయ్యా.”

“అయితే అదే కొనెయ్యమను.”