వినగడప ప్రత్తి – ఓరుగల్లు మిల్లు

వినగడప తిరువూరు ప్రాంతమున, గంపలగూడెము మండలములోని పల్లె. 2022 వఱకు కృష్ణాజిల్లాలోనిదై, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో జేరియున్నది. చెంతనే కట్టలేరు ప్రవహించుచుండును. వానకాలమున నది పొంగినపుడు రాకపోకలు నిలిచిపోవుచుండును. ఈ సీమ పైరులలో ప్రత్తి యొకటి. కాయ పగిలి చేను తెల్లబాఱిన దినములలో స్త్రీలు ఒడి కట్టుకొని, వరుసగా సాగుచు ప్రత్తి తీయుచుందురు. అది బండి యెక్కువఱకే పల్లె దానిని ఎఱుగును. ఆపై నది నూలై, గుడ్డయై, మరల మన యింటికి చీరగా వచ్చువఱకు నడుమ ఎందఱి చేతులు పనిచేయుచున్నవో మనము తలపము. ఆ చేతులకు పని తఱిగిపోయిన కాలమెట్టిదో తెలిసికొనగోరువారు ఓరుగల్లు పోవలెను.

వినగడపనుండి గంపలగూడెము మీదుగా మధిర చేరి రైలెక్కినచో, ఖమ్మము, డోర్నకల్లు, మహబూబాబాదు దాటి ఓరుగల్లు వచ్చును. యాత్రికులు కోటలోని కీర్తితోరణములను, వేయిస్తంభముల గుడిని, భద్రకాళీ ఆలయమును దర్శించి మరలుదురు. కాకతీయుల వైభవము నేటికిని రాళ్లలో నిలిచియున్నది. అంతకంటె మిక్కిలి యీవలి వైభవమొకటి మాత్రము నిలువలేదు. అదియే ఆజంజాహీ మిల్లు.

1934లో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనలో స్థాపితమైన యీ మిల్లునకు ఆయన జ్యేష్ఠకుమారుని పేరు పెట్టిరి. ప్రత్తి పండు సీమలోనే నూలు వడకి గుడ్డ నేయు ఏర్పాటది. వేలమందికి అన్నము పెట్టెను. మిల్లు పేటలలో కూతయే గడియారము; దానిని బట్టియే పొయ్యి రాజుకొనును, పిల్లలు నిదుర లేతురు. మిల్లులో పనియనగా పెండ్లి సంబంధములలోనొక గొప్ప.

ఇట్టిది ఒక్కనాడు కూలదు. మన దేశమున మరమగ్గములు పెరిగి, తక్కువ కూలితో, తక్కువ పన్నుతో గుడ్డ నేయసాగెను. పాలియెస్టరు వచ్చి నూలుగుడ్డను వెనుకకు నెట్టెను. మిల్లులలో పాతయంత్రములకు మాఱుగా క్రొత్తవి రాలేదు. 1974లో కేంద్రప్రభుత్వము నష్టములలో మునిగిన మిల్లులు నూటికి పైగా జాతీయము చేసి, జాతీయ జౌళి సంస్థ చేతిలో పెట్టెను. ఓరుగల్లు మిల్లును ఆ సంస్థ పాలనలోనిదే. ఉద్యోగములు నిలిచెను గాని వ్యాధి కుదురలేదు. బొంబాయిలో 1982 నాటి మహాసమ్మె తరువాత పెక్కు మిల్లులు మరల లేవలేదు. తెలంగాణమునుండి వలసపోయిన తెలుగు నేతవారెందఱో అక్కడ పని కోల్పోయిరి. 1990 తరువాత జౌళి సంస్థ మిల్లులలో పెక్కింట జీతములు గుడ్డ యమ్మకమువలన గాక ప్రభుత్వ సహాయమువలన చెల్లుచుండెను.

ఇట్టి మిల్లులో పనిచేయుట చిత్రమైన స్థితి. ఉద్యోగమున్నది, పని లేదు. దూది కొనుటకు సొమ్ము లేక కొన్ని వరుసలు ఆగును. ఒక యంత్రము చెడినచో, ఆగిన వేఱొక యంత్రము భాగమును విప్పి దీనికి బిగింతురు. విరమించినవాని చోట మఱియొకడు రాడు; కుఱ్ఱవాండ్రు లేని శాలలో నేర్పువాడుండియు నేర్చువాడుండడు. తెగిన పోగును కనుమూసి తెఱచులోపల అతుకగల వ్రేళ్లు మోకాళ్లపై ఊరకుండును. పని చూపలేని దినములకు సగము జీతమీయవలెనని 1953లో చట్టమునకు చేర్చిరి. అయితే దానిని పొందుటకు కార్మికుడు నియమిత వేళకు మిల్లునకు వచ్చి కనబడవలెను. వచ్చితినని కనబడుటయే ఆనాటి పని! అన్నపుగిన్నె పట్టుకొని పోవుట, సంతకము చేయుట, మరలివచ్చుట. కూలి దొరకని దినమున మనుజుడు దైవమును నిందించును. పనిచోటనే పని లేక కూర్చున్నవాడు తన్ను తానే తక్కువగా నెంచుకొనును.

ఈ క్షీణత మొదట తెలియునది వంటయింటనే. జీతపు తేది జరిగిన నెలలో ఇల్లాలు పాలు తగ్గించును. చీటి కట్టుట మానును. మెడలోని పేరు తాకట్టునకు పోవును. భర్త మాత్రము “వచ్చే నెల క్రొత్త యంత్రములు వచ్చునట” యని చెప్పుచుండును. ఆ మాట అబద్ధమని ఆమె యెఱుగును. కాని అది లేకున్న ఆయన ఉదయము లేవలేడనియు నెఱుగును. కావున విని యూరకుండును. ఈ మౌనము ఏ కంపెనీ లెక్కలలోను కనబడదు.

2002 నాటికి ఓరుగల్లు మిల్లు పూర్తిగా మూతపడెను. స్వచ్ఛంద విరమణయను పేర కొంత మొత్తము చేతికిచ్చి పంపుట ఆ కాలపు జౌళి మిల్లులలో వాడుకయయ్యెను. ఆ మొత్తము పెద్దదిగా గానవచ్చును. పాత అప్పులు, ఒక పెండ్లి అయినంతనే కరగిపోవును. 2017లో ఓరుగల్లు చెంతనే కాకతీయ జౌళి పార్కునకు శంకుస్థాపన జరిగెను. మంచిదే. అయినను పాతమిల్లులో ముదిసిన వ్రేళ్లకు క్రొత్త యంత్రము నేర్పువారెవ్వరు?

సోదరీమణులారా! కంపెనీ గొప్పపేరు కుటుంబమునకు కోటగోడ కాదు. ప్రావిడెంటు ఫండులో నెంత చేరినదో, ఏటికి పదునైదు దినముల జీతము చొప్పున చట్టము నిర్ణయించిన గ్రాట్యుటీ ఎంత రావలెనో ఇల్లాలు కూడ తెలిసికొని వ్రాసియుంచుకొనుట మేలు. మగవాడు దిగులుతో మిల్లునుండి వచ్చిన నాడు “ఎంత తెచ్చితిరి?” అను ప్రశ్నకు ముందు “ఈనాడు పని దొరకినదా?” యని యడుగుట అంతకంటెను మేలు.