రెండు హైదరాబాదులు, మా పాత లాప్‌టాప్

మా ఇంటి అడ్రసు చెప్పడం నాకు పెళ్లయినప్పటి నుంచీ ఒక పరీక్షే. ఇంటి నంబరు చెబితే ఎవరికీ అర్థం కాదు. "నాంపల్లి స్టేషన్ దాటి, ఫలానా గల్లీలో, బట్టలు ఇస్త్రీ చేసే బండి ఎదురుగా" అంటేనే గ్యాస్ సిలిండరు వస్తుంది. స్టేషన్‌కే రెండు పేర్లు. టికెట్ మీద హైదరాబాద్ దక్కన్ అని ఉంటుంది, మనందరి నోట మాత్రం నాంపల్లే. అబిడ్స్‌కు ఆ పేరు ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం వల్ల వచ్చింది. దుకాణం పోయింది, పేరు మిగిలింది. ఇలాంటి చోట మనం ఎక్కడున్నామో మనుషులకు చెప్పడమే కష్టమంటే, ఈమధ్య మెషీనుకి కూడా చెప్పాల్సి వచ్చింది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి కంపెనీ మామూలు సపోర్టు ఆపేసింది కదా. మా లాప్‌టాప్ పాతది, విండోస్ 11 పడదంది. కొత్తది కొనే పరిస్థితి లేదు. అమ్మాయికి అప్పుడే డిగ్రీ అయిపోయి ఉద్యోగాల వేట మొదలైంది. అబ్బాయి "ఉబుంటు వేసేద్దాం అమ్మా, డబ్బు కట్టక్కర్లేదు" అన్నాడు. జగదీశ్ మార్కెట్‌లో ఒక పెన్‌డ్రైవ్ కొనుక్కొచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను గిన్నెలు సర్దుకుంటుంటే, డైనింగ్ టేబుల్ మీద వాడు ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టాడు.

మధ్యలో ప్రపంచ పటం ఒకటి వస్తుంది, మీరెక్కడున్నారు అని. మనం అడగకుండానే అదే ఊహించి ఒక చుక్క పెట్టేస్తుంది. మాకు సింగపూర్ మీద పెట్టింది. "పాస్‌పోర్టు లేకుండానే వెళ్లిపోయాం" అని మావారు నవ్వారు. అబ్బాయి పైనున్న గడిలో హైదరాబాద్ అని కొట్టాడు. కింద జాబితా వచ్చింది, వాడు ఒకటి నొక్కాడు, ముందుకెళ్లిపోయాడు. పావుగంటలో పనైపోయింది. అందరం సంతోషించాం.

మూడో రోజు అత్తయ్యగారు హాల్లోంచి కేకేశారు. "ఒసే, దీని గడియారం అరగంట వెనక్కుందే!" అని. మా హాల్లో గోడ గడియారం ఎప్పుడూ అయిదు నిమిషాలు ముందే ఉంటుంది, అందుకని ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ ఊరుకోలేదు. మనవరాలి ఫోన్ తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టి చూపించారు. ఫోన్లో పదిన్నర, లాప్‌టాప్‌లో పది.

మర్నాడు ఉదయం 11 గంటలకు అమ్మాయికి ఆన్‌లైన్ పరీక్ష. పదిహేను నిమిషాలు దాటితే లోపలికి రానివ్వరు. ఫోన్ వేరే గదిలో పెట్టెయ్యాలి. తలుపు మూసుకుని లాప్‌టాప్ గడియారం చూసుకుంటూ కూర్చునేది పిల్ల. అందులో 11 అయ్యేసరికి బయట పదకొండున్నర. తలచుకుంటే ఇప్పటికీ నా కాళ్లు వణుకుతాయి. ఆరు నెలలుగా అది రాత్రి ఒంటిగంట దాకా చదవడం చూసిన తల్లిని.

విషయమేమిటంటే, ఆ జాబితాలో హైదరాబాదులు రెండున్నాయి. ఒకటి మనది, రెండోది పాకిస్తాన్‌లో సింధు నది ఒడ్డునున్నది. వీడు నొక్కింది రెండోది. పాకిస్తాన్ సమయం మనకంటే సరిగ్గా అరగంట వెనక. సింగపూరే ఉండిపోయినా బాగుండేదేమో! రెండున్నర గంటల తేడా అయితే ఎవరైనా ఇట్టే కనిపెడతారు. అరగంట తేడా మాత్రం "ఏదో నెమ్మదిగా నడుస్తోందిలే" అనుకునేలా ఉంటుంది.

అబ్బాయి గాభరాపడి గడియారాన్ని అరగంట ముందుకు తిప్పబోయాడు. మా మరిది ఫోన్లో ఆపాడు. ఆయన చెప్పింది నాకు బాగా అర్థమైంది కాబట్టి మీకూ చెబుతాను. కంప్యూటర్ లోపల ప్రపంచమంతటికీ ఒకటే సమయం నడుస్తుంది. మనం ఏ ఊరు చెబితే దానికి ఆ ఊరి లెక్క కలిపి తెర మీద చూపిస్తుంది. మన దేశానికి అయిదున్నర గంటలు కలుపుతుంది, పాకిస్తాన్‌కు అయిదు. లోపలి సమయం సరిగ్గానే ఉంది, తప్పు ఊరిది. ఊరు సరిచేయకుండా ముళ్లు తిప్పితే లోపలి సమయం కూడా చెడుతుంది. అప్పుడు వెబ్‌సైట్లు "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అని మొరాయించవచ్చు. ముప్పై సెకన్లకోసారి మారే లాగిన్ కోడ్‌లు కంప్యూటర్‌లోనే తయారుచేసుకుంటుంటే అవీ పనిచేయవు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడకుండా పైన నీళ్లు పోసినట్టు.

మరి సింగపూర్ ఎందుకు చూపించింది? లాప్‌టాప్‌లో దారి కనిపెట్టే జీపీఎస్ సాధారణంగా ఉండదు. నెట్ కనెక్షన్‌కు ఒక నంబరు ఉంటుంది, ఐపీ అడ్రస్ అంటారు. ఇన్‌స్టలేషన్ సమయంలో నెట్ ఆన్‌లో ఉంటే, ఈ నంబరు ఎక్కడిదని ఒక సర్వర్‌ను అడుగుతుంది. అక్కడున్న జాబితా చూసి అది జవాబు చెబుతుంది. ఆ నంబర్లు కంపెనీల మధ్య చేతులు మారుతుంటాయి, జాబితాలు వెంటనే మారవు. వీపీఎన్ పెట్టుకున్నా, కంపెనీ మన నెట్‌ను వేరే ఊరి మీదుగా పంపినా ఊహ తప్పుతుంది. అద్దెకున్నవాళ్లు ఇల్లు మారినా ఉత్తరాలు పాత ఇంటికే వస్తుంటాయి చూడండి, అలాగన్నమాట.

ఇది నవ్వుకునే విషయం మాత్రమే కాదు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక పొలంలోని ఇంటి కథ 2016లో పత్రికల్లో వచ్చింది. ఐపీ నంబర్ల జాబితా తయారుచేసే మాక్స్‌మైండ్ అనే కంపెనీ, అమెరికాలో కచ్చితంగా ఎక్కడో తెలియని నంబర్లన్నిటికీ దేశం నడిబొడ్డున ఒక బిందువు పెట్టింది. ఆ బిందువు సరిగ్గా ఆ పొలంలో పడింది. ఏళ్ల తరబడి పోలీసులు, మోసపోయినవాళ్లు, ఎవరెవరో ఆ ఇంటి తలుపు తట్టారు. ఆ ఇంట్లోవాళ్లు చేసిన పాపమేమీ లేదు. చివరికి కంపెనీ ఆ బిందువును తీసి ఒక చెరువులో పెట్టింది. ఆ ఇంటి ఇల్లాలి స్థానంలో నన్ను ఊహించుకుంటే మా అరగంట చిన్నదే అనిపించింది.

మేం సరిచేసిన పద్ధతి చాలా సులువు. సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌కి వెళ్లి, టైమ్ జోన్‌లో మన హైదరాబాదే ఎంచుకున్నాం. పక్కన దేశం పేరు చూసి మరీ నొక్కాం. కొన్ని చోట్ల హైదరాబాద్ ఉండదు, అప్పుడు కోల్‌కతా నొక్కాలి. దేశమంతటికీ సమయం ఒకటే కాబట్టి ఆ జాబితాలో మన అందరి తరఫునా కోల్‌కతా పేరు పెట్టారు. నిజానికి మన సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ మన కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. హైదరాబాద్ దానికి పడమరన ఉంది కాబట్టి సూర్యుడు మనకు దాదాపు పదహారు నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికొస్తాడు. ఈ మాట విని అత్తయ్యగారు "అందుకే ఇక్కడ ఎండ ఆలస్యంగా దిగుతుంది" అని తన కాకినాడ పుట్టింటిని మరోసారి గుర్తుచేశారు.

ఊరితో పాటు ఇంకో రెండు చూసుకోండి. దేశం తప్పుగా ఉంటే తేదీలో నెల ముందుకు రావచ్చు. అప్లికేషన్‌లో 03/04 అంటే మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో తేలదు. అమెరికా అని ఉంటే ప్రింటు కాగితం సైజు ఏ4 బదులు లెటర్ అయిపోయి అంచులు తెగుతాయి. మీ కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉండి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా అయిదున్నర గంటలు తేడా వస్తుంటే అది ఊరి తప్పు కాదు. మెషీన్ లోపలి గడియారంలో విండోస్ మన ఊరి సమయం రాసుకుంటుంది, లినక్స్ ప్రపంచ సమయం రాసుకుంటుంది. టెర్మినల్‌లో ఒక్క లైను కొట్టి లినక్స్‌ను విండోస్ దారిలోకి తేవచ్చు. తెలిసిన పిల్లలెవరైనా చేసిపెడతారు.

అమ్మాయి పరీక్ష వేళకే రాసింది. ఫలితం ఇంకా రాలేదు.

ఈ గొడవంతా మా పక్కింటి సింధీ ఆంటీకి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్లి వాళ్ల అత్తగారిని తీసుకొచ్చారు. ఆ పెద్దావిడ పుట్టింది ఆ హైదరాబాదులోనేనట. దేశ విభజన అప్పుడు ఎనిమిదేళ్ల పిల్లగా వచ్చేశారు. అబ్బాయి ఆవిడకు పటంలో ఆ ఊరు పెద్దది చేసి చూపించాడు. ఆవిడ వేలితో నది వెంట కాసేపు వెతికి, "మేం వచ్చేటప్పుడు అక్కడా ఇక్కడా టైము ఒకటే" అన్నారు. తర్వాత అబ్బాయి వెతికి చూశాడు. నిజమే, పాకిస్తాన్ తన గడియారాన్ని అరగంట వెనక్కి జరుపుకున్నది 1951లో.